ప్రింటర్‌లో కాగితమే లేదు, అయినా పేపర్ జామ్ అంటోంది

సుద్దముక్క (రాజమండ్రి)
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉంది, స్కానరూ జిరాక్సూ కలిపి వచ్చే రకం, వారంటీ ఎప్పుడో అయిపోయింది. నిన్న పొద్దున మా అమ్మాయి ఈఏపీసెట్ హాల్ టికెట్ తీద్దామని ఆన్ చేస్తే పేపర్ జామ్ అని వచ్చింది. సరే కదా అని ట్రేలో కాగితాలన్నీ తీసేశాను, ముందు మూత వెనక మూత ఎత్తి చూశాను, చిన్న ముక్క కూడా లేదు. ఓకే నొక్కితే ఒక్క క్షణం పోయి మళ్లీ అదే మెసేజ్. లోపల కాగితమే లేనప్పుడు జామ్ ఎక్కడిదండీ? హాల్ టికెట్ అంటే పక్క వీధి నెట్ సెంటర్లో తీయించాం గానీ, బడి తెరిచేలోపు నాకు వర్క్‌షీట్లు బోలెడు తీసుకోవాలి. రిపేర్ చేసే అబ్బాయికి ఫోన్ చేస్తే, వచ్చి చూడకుండానే "బోర్డు పోయుంటుంది మేడమ్, అది మార్చే డబ్బుతో కొత్తది వస్తుంది" అన్నాడు. నిజంగా బోర్డేనా?

ఫార్మాట్ వీరుడు
డ్రైవర్, అంటే కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, పూర్తిగా తీసేసి కంపెనీ సైట్ నుంచి కొత్తది వేయండి. అయినా రాకపోతే విండోస్ మళ్లీ వేయించండి.

జిరాక్స్ షాపాయన (ఖమ్మం)
విండోస్ దాకా ఎందుకు బ్రో, పాపం. మేడమ్, ముందు యూఎస్‌బీ వైరు పీకేయండి, వైఫై ఉంటే రూటర్ ఆపేయండి, ప్రింటర్ ఒక్కదాన్నే ఆన్ చేయండి. అప్పుడు కూడా జామ్ అంటే కంప్యూటర్‌కూ దీనికీ సంబంధం లేదు, డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా టైం దండగ.

ఇంకోటి. ప్రింటర్ లోపల కెమెరా లాంటిదేమీ ఉండదు, కాగితం ఇరుక్కుందని అది చూసి చెప్పడం లేదు. లోపల ఉండేవి నాలుగైదు సెన్సార్లు, కొన్ని లెక్కలు. రావాల్సిన టైముకు రావాల్సిన సిగ్నల్ రాకపోతే తన దగ్గరున్న పది పదిహేను మెసేజ్‌లలో దగ్గరగా ఉన్నది ఒకటి తీసి మన ముఖాన కొడుతుంది. జ్వరం అని చెప్తుంది గానీ ఏ రోగమో చెప్పదు. అందుకని "జామ్ ఎక్కడ?" అని వెతకడం ఆపి "ఏం జరిగితే ఇది జామ్ అనుకుంటుంది?" అని అడగాలి.

మీరు చెప్పాల్సినవి: మెసేజ్ ఆన్ చేయగానే వస్తోందా, లేక కాగితం లాక్కోబోయినప్పుడు వస్తోందా? ఆన్ చేసినప్పుడు ఇంకు చల్లే హెడ్‌ను అటూ ఇటూ మోసుకెళ్లే బండి, దాన్నే క్యారేజ్ అంటారు, అది కదులుతోందా? చప్పుడేమన్నా తేడాగా ఉందా?

సుద్దముక్క (రాజమండ్రి)
చాలా థాంక్స్ అండీ. వైరు తీసి చూశాను, అదే మెసేజ్. ఆన్ చేయగానే వస్తోంది, కాగితం దాకా పోవడమే లేదు. స్కానర్ మూత ఎత్తి చూస్తే ఆ బండి కుడి వైపు నుంచి బయల్దేరి కొంచెం దూరం మామూలుగా వెళ్లి, తర్వాత ఒక్కసారిగా స్పీడుగా పోయి ఎడమ గోడకి ఠప్పున కొట్టుకుని ఆగిపోతోంది. ఆ చప్పుడుకి మా పిల్లి పారిపోయింది.

పాత స్క్రూడ్రైవర్
ఠప్పున కొట్టుకుంది అన్నారు చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. ఇంక్‌జెట్లు బాగుచేయడం చాలా ఏళ్లు నా బతుకుతెరువు, అందుకే కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

క్యారేజ్ వెనకాల, ఈ చివర నుంచి ఆ చివర దాకా, వేలెడు వెడల్పు కూడా లేని పల్చని ప్లాస్టిక్ రిబ్బన్ ఒకటి బిగించి ఉంటుంది. పారదర్శకంగా ఉంటుంది కాబట్టి చాలామంది కంటికి ఆనదు. దాన్ని ఎన్‌కోడర్ స్ట్రిప్ అంటారు. వెలుతురుకి పెట్టి చూస్తే బూడిద రంగులో కనిపిస్తుంది, ఎందుకంటే దాని మీద ఇంచికి వందకు పైగా సన్నని నిలువు గీతలు అచ్చేసి ఉంటాయి. క్యారేజ్ వెనక ఉన్న చిన్న సెన్సార్ ఈ రిబ్బన్‌ను మధ్యలో పెట్టుకుని ఒక వైపు నుంచి లైటు వేసి ఇంకో వైపు నుంచి ఆ గీతలు లెక్కపెట్టుకుంటూ పోతుంది. తాను ఎక్కడున్నానో, ఎంత వేగంగా పోతున్నానో ప్రింటర్‌కు తెలిసే దారి అదొక్కటే.

ఇప్పుడు ఆ గీతల మీద ఇంకు మరక పడిందనుకోండి, లేదా బండి జారే కడ్డీకి రాసిన గ్రీజు అంటుకుందనుకోండి. అక్కడికి రాగానే లెక్క ఆగిపోతుంది. మోటార్‌కి కరెంటు ఇస్తున్నాను, బండి కదలడం లేదు అని ప్రింటర్ అనుకుంటుంది. ఇంకాస్త కరెంటు ఇస్తుంది, అప్పుడే మీరు చెప్పిన ఆ స్పీడు, ఆ ఠప్పు. తర్వాత చేతులెత్తేసి ఏదో అడ్డం పడిందంటుంది. బండికి అడ్డం పడేది మామూలుగా కాగితమే కదా, అందుకే కొన్ని మోడళ్లు దాన్ని పేపర్ జామ్ కిందే చూపిస్తాయి. కొన్ని వేరేగా క్యారేజ్ ఎర్రర్ అంటాయి, కానన్‌లో 5100 అని వచ్చేది అదే. ఒకే జబ్బుకి కంపెనీని బట్టి పేరు.

చేయాల్సింది ఇది. బటన్‌తో ఆపి, ప్లగ్ తీసేయండి. ఫోన్ టార్చ్ వేసి ఆ రిబ్బన్‌ను పక్క నుంచి చూడండి. మూడు చూడాలి. మరక ఉందా, గీత పడిందా, ఏదో ఒక చివర కొక్కెం నుంచి జారిందా. మరకైతే మెత్తని గుడ్డను నీళ్లలో ముంచి గట్టిగా పిండేసి, రెండు వేళ్ల మధ్య రిబ్బన్‌ను పట్టుకుని నెమ్మదిగా తుడవండి. లాగొద్దు. స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటివి అసలు వాడొద్దు, కొన్నిటికి మరకతో పాటు గీతలు కూడా చెరిగిపోతాయి, అప్పుడు ఆ అబ్బాయి చెప్పినట్టు కొత్తది కొనుక్కోవడమే.

కొబ్బరాకు (అమలాపురం)
స్ట్రిప్ సరే గానీ అన్నా, పేపర్ సెన్సార్ లివర్ కూడా చూడమనాలి కదా. కాగితం వెళ్లే దారిలో చిన్న నల్ల ప్లాస్టిక్ మీట ఉంటుంది. కాగితం దాన్ని నొక్కితే లోపల లైటుకి అడ్డం వెళ్తుంది లేదా తప్పుకుంటుంది, అప్పుడు "కాగితం వచ్చింది" అని లెక్క. ఆ మీట కింద చిన్న ముక్క ఇరుక్కుని నొక్కుకుపోయి ఉంటే ఆన్ చేయగానే లోపల కాగితం ఉందనుకుని జామ్ అంటుంది. మా ప్రింటర్‌లో అయితే కొబ్బరి పుల్ల దొరికింది, వెనక ట్రే ఎప్పుడూ తెరిచే ఉంచుతాం మరి.

పాత స్క్రూడ్రైవర్
కరెక్టే, చూడొచ్చు. కానీ మీట ఇరుక్కుంటే బండి పోయి గోడకి కొట్టుకోదు. చాలావరకు రోలర్లు గిరగిరా తిరుగుతాయి, లోపల లేని కాగితాన్ని బయటికి నెట్టాలని చూస్తూ. మేడమ్ చెప్పిన చప్పుడు వేరు. చప్పుడు విననివాడు ప్రింటర్ రిపేర్ చేయలేడు.

చార్మినార్ చాయ్
ట్రే తెరిచి ఉంచేవాళ్లకు ఒక మాట. మా ఆఫీసులో జామ్ అని మూత తీస్తే బల్లి. చచ్చిపోయింది పాపం, రోలర్ పక్కన. ఎవరూ తీయరు, అందరూ నన్నే చూశారు. ఇంకోసారి చీమలు గూడు పెట్టాయి, గుడ్లతో సహా. మాన్యువల్‌లో బల్లి ఎర్రర్ అని ఒకటి పెట్టాలి.

జిరాక్స్ షాపాయన (ఖమ్మం)
నవ్వులాట కాదు, నిజంగానే వెనక ట్రేలో పడేవి ఎక్కువ. పెన్ను క్యాపు, రూపాయి బిళ్ల, గుండుసూది, పిల్లల రబ్బరు. వెనక నుంచి టార్చ్ వేసి చూడటం మర్చిపోవద్దు.

సుద్దముక్క (రాజమండ్రి)
స్క్రూడ్రైవర్ గారూ, మీ చేతికి దండం పెట్టాలి. టార్చ్ వేసి చూస్తే రిబ్బన్ మీద, కుడి చివర నుంచి జానెడు దూరంలో, బొటనవేలి గోరంత నీలం మరక. మొన్న ట్యాంకులో నీలం ఇంకు పోసినప్పుడు మావారు చేతికైన ఇంకు తుడుచుకోకుండానే లోపల ఏదో సర్దారు, అదే అయ్యుంటుంది. పాత పంచె ముక్క తడిపి పిండి మీరు చెప్పినట్టే తుడిచాను, గుడ్డకి నీలం వచ్చింది, ఆరనిచ్చి ఆన్ చేశాను. బండి బుద్ధిగా అటూ ఇటూ తిరిగి కూర్చుంది, జామ్ మాట లేదు!

కానీ ఇప్పుడు టెస్ట్ పేజీ తీస్తే నీలం రంగు అసలు పడటం లేదు, నల్లది కూడా చారలు చారలుగా వస్తోంది. మెసేజ్ మాత్రం ఏమీ లేదు, అంతా సిద్ధం అంటోంది. హెడ్ క్లీనింగ్ రెండు సార్లు పెట్టాను. నీలం వచ్చే దాకా పెడుతూనే ఉండమంటారా?

పాత స్క్రూడ్రైవర్
ఆపండి ఆపండి. ఇక పెట్టొద్దు.

ముందు ఎందుకు మెసేజ్ రాలేదో చెప్తాను. నాజిల్, అంటే హెడ్‌లో ఇంకు చుక్క బయటికొచ్చే సన్నని రంధ్రం, మూసుకుపోయిందని చాలా ఇళ్ల ప్రింటర్లకు తెలియనే తెలియదు. ఇంకు చుక్క వదలమని హెడ్‌కి చెప్పానా, చెప్పాను. కాగితం మీద పడిందో లేదో చూసే దిక్కు లేదు. తెల్ల కాగితం బయటికొచ్చినా దాని లెక్కలో ప్రింట్ అయిపోయినట్టే. అట్లాగే ఇంకు లెవెల్ కూడా. చాలా ట్యాంక్ మోడళ్లలో స్క్రీన్ మీద చూపించే లెవెల్ కొలిచింది కాదు, ఇన్ని చుక్కలు వదిలాను కాబట్టి ఇంత అయిపోయి ఉంటుందని వేసుకున్న లెక్క. మీరు ట్యాంకు నింపి, నింపానని దానికి చెప్పకపోతే, నిండు ట్యాంకు పెట్టుకుని ఇంకు లేదంటుంది. చెప్పి నింపకపోతే ఖాళీ ట్యాంకు పెట్టుకుని ఫుల్ అంటుంది, ఇది మరీ డేంజర్, గొట్టాల్లోకి గాలి వెళ్లిపోతుంది. ట్యాంకు పక్కన ఉన్న గీతను మన కంటితో చూసుకోవడమే నమ్మకం.

ఇక క్లీనింగ్ సంగతి. క్లీనింగ్ అంటే హెడ్ కింద నుంచి పంపుతో ఇంకును పీల్చి పారేయడం. పారేసిన ఇంకు ప్రింటర్ అడుగున ఉన్న స్పాంజి లాంటి ప్యాడ్‌లోకి పోతుంది. ఎంత పోయిందో ప్రింటర్ లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క కంపెనీ పెట్టిన హద్దు దాటిన రోజున ప్రింటర్ పూర్తిగా ఆగిపోతుంది. నీలం కోసం పది సార్లు క్లీనింగ్ కొట్టారనుకోండి, నీలం రాకపోగా ఆ గోల మొదలవుతుంది. రెండు మూడు సార్లు పెట్టినా రాకపోతే ఆపేసి, బటన్‌తో ఆఫ్ చేసి రాత్రంతా వదిలేయండి. గట్టిపడిన ఇంకు కొంచెం నానుతుంది, గాలి బుడగలు ఉంటే సర్దుకుంటాయి. పొద్దున ముందు నాజిల్ చెక్, అంటే ఏ రంగు సరిగ్గా పడుతోందో చూపించే గీతల పేజీ, మాత్రమే తీసి చూడండి, క్లీనింగ్ కాదు.

ఒకటి అడుగుతాను, రోజూ ప్రింటర్‌ను ఎలా ఆపుతారు?

సుద్దముక్క (రాజమండ్రి)
స్విచ్చి బోర్డు దగ్గర కట్టేస్తామండీ. కరెంటు బిల్లు గొడవ. మా అత్తగారు పడుకునే ముందు ఇంట్లో స్విచ్చిలన్నీ కట్టి గానీ పడుకోరు.

పాత స్క్రూడ్రైవర్
అదే నేననుకున్నది. ప్రింటర్ మీదున్న బటన్ నొక్కితే హెడ్ కుడి చివర రబ్బరు మూత మీదకి వెళ్లి కూర్చుంటుంది, ఇంకు ఆరదు. పని మధ్యలో గోడ దగ్గర కట్టేస్తే హెడ్ ఎక్కడుంటే అక్కడే గాలికి ఉండిపోతుంది. మే నెల రాజమండ్రి ఎండలో ఒక్క మధ్యాహ్నం చాలు. ముందు బటన్, లైటు పూర్తిగా ఆరాక గోడ స్విచ్చి. అత్తగారికి ఈ వరస చెప్పండి చాలు.

బెజవాడ బెంజ్ సర్కిల్
అన్నా, నువ్వు చెప్పిన ఆ ప్యాడ్ గోల మా ఇంట్లో నడుస్తోంది. "ప్రింటర్ లోపలి భాగాల ఆయుష్షు ముగిసింది, సర్వీస్‌కి ఇవ్వండి" అని అర్థం వచ్చేలా మెసేజ్. చదివితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ప్రింటర్ చచ్చిపోయింది అనేగా. నిన్నటి దాకా ఫోటోలు కూడా సూపర్‌గా వచ్చాయి.

పాత స్క్రూడ్రైవర్
నన్నడిగితే అన్నిట్లోకీ తప్పుదారి పట్టించే మెసేజ్ ఇదే. భాగాలు అని బహువచనంలో అంటుంది, అక్కడ నిండింది ఒక స్పాంజి. అది కూడా నిజంగా నిండిందో లేదో ప్రింటర్ ముట్టుకుని చూడదు, లెక్క నిండిందంతే. కానన్‌లో అదే విషయాన్ని 5బీ00 అని చూపిస్తారు, అంతకు ముందే 1700 అని ఒక హెచ్చరిక వస్తుంది, నిండబోతోంది అని. ఆ 1700ని మనవాళ్లు ఓకే కొట్టి దాటేస్తారు, 5బీ00 వచ్చాక ఏడుస్తారు.

ప్యాడ్ మార్చి లెక్కను సున్నా చేస్తే ప్రింటర్ మళ్లీ మామూలే. ఇప్పుడొచ్చే కొన్ని మోడళ్లలో ప్యాడ్ బదులు మనమే తీసి పెట్టుకునే డబ్బా ఇస్తున్నారు, కానన్ జీ2020, జీ3020ల్లో ఉన్నట్టు. కొనేటప్పుడు ఇది చూసుకోవాలి, ప్రింట్ స్పీడు కాదు.

ఫార్మాట్ వీరుడు
రీసెట్ సాఫ్ట్‌వేర్ నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, ఒక్క క్లిక్. ప్యాడ్ మార్చడం ఎందుకు?

జిరాక్స్ షాపాయన (ఖమ్మం)
మార్చకుండా లెక్క మాత్రమే సున్నా చేస్తే ఏమవుతుందో మా షాపుకొచ్చి చూడు బ్రో. ఒక కస్టమర్ చెక్క టేబుల్ మీద అడుగు నుంచి ఇంకు కారి మధ్య సొరుగులో ఉన్న పట్టాదారు పాస్‌బుక్ మీద పడింది. ఒక్కసారి రీసెట్‌తో నడుస్తుందేమో, కంపెనీ కాస్త ముందుగానే హద్దు పెడుతుంది కాబట్టి. రెండోసారి మాత్రం ప్యాడ్ తీసి చూడాల్సిందే. ఇంకో విషయం, ఆ ఫ్రీ ఫైళ్లు దించుకునేటప్పుడు "ముందు యాంటీవైరస్ ఆపండి" అని రాసి ఉంటుంది చూశావా? బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో అలాంటివి నేనైతే పెట్టను.

డల్లాస్ పులిహోర
అమెరికాలో ఎప్సన్ వాళ్లు కొన్ని మోడళ్లకు ఒకే ఒక్కసారి పనిచేసే ప్యాడ్ రీసెట్ సాఫ్ట్‌వేర్ వాళ్ల సైట్‌లోనే ఉచితంగా ఇస్తారు, విండోస్‌కి మాత్రమే. ఇండియాలో అయితే సర్వీస్ సెంటర్‌ని అడగడమే మంచిది.

నాది వేరే కేసు, ఇక్కడ చెప్పొచ్చనుకుంటా. పోయినేడాది ఇండియా వచ్చినప్పుడు నా లాప్‌టాప్ నుంచి మా నాన్నగారి ప్రింటర్‌కి ప్రింట్ ఇస్తే కాగితం లేదు, లేదంటే సైజు తప్పు అని గోల. ట్రేలో దొంతర నిండుగా ఉంది. నాన్నగారు కాగితాలు తీసి తట్టి పెట్టడం, నేను ఓకే కొట్టడం, అదే పని. ప్రింటర్‌ది ఏ తప్పూ లేదు. నా లాప్‌టాప్ అమెరికా సెట్టింగ్‌లో ఉంది, పేజీ సైజు లెటర్. లెటర్ అంటే 216 మిల్లీమీటర్ల వెడల్పు 279 పొడవు, మన ఏ4 210, 297. లెటర్ పేజీ పంపి ఏ4 పెట్టామని చెప్తే కొన్ని ప్రింటర్లు సర్దుకుంటాయి, కొన్ని లెటర్ కాగితం పెట్టేదాకా మొండికేస్తాయి. ప్రింట్ సెట్టింగ్‌లో ఏ4 చేశాక చకచకా వచ్చేశాయి. కొడుకులూ కూతుళ్లూ అమెరికా నుంచి పంపిన ఫైళ్లు ప్రింట్ కావడం లేదనే పెద్దవాళ్లకు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

కొబ్బరాకు (అమలాపురం)
కాగితం ఉన్నా లేదనే కేసు మాకు వానాకాలం అంతా ఉంటుంది. ఇది సైజు గొడవ కాదు, రోలర్. కాగితాన్ని లాగే రబ్బరు రోలర్ మీద కాగితం దుమ్ము పట్టి నున్నగా అయిపోతుంది, జారిపోతుంది, కాగితం కదలదు. మీట దగ్గరికి టైముకు కాగితం రాలేదు కాబట్టి ట్రే ఖాళీ అనుకుంటుంది. సగం దాకా వచ్చి జారితే అదే రోలర్ వల్ల పేపర్ జామ్ అంటుంది. తడి గుడ్డతో రోలర్‌ను చుట్టూ తుడిస్తే చాలావరకు పోతుంది. చెమ్మ పట్టిన కాగితాలైతే ఒకదానికొకటి అంటుకుని రెండు మూడు కలిసి వెళ్తాయి, కట్టను వంచి విదిలించి పెట్టాలి.

సిగ్నల్ లేని సిద్దిపేట
మాది వైఫై ప్రింటర్. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్‌లో ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. ప్రింటర్ ఆన్‌లోనే ఉంది, దాని వైఫై లైటు కూడా వెలుగుతోంది. ఆఫ్‌లైన్ అంటే ఏంది మరి? తీసేసి మళ్లీ కలిపితే పనిచేస్తుంది, మళ్లీ కరెంటు పోతే మళ్లీ అదే. కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే రూటర్ మార్చమన్నారు.

అర్ధరాత్రి సర్వర్ రూమ్ (బెంగళూరు)
ఆఫ్‌లైన్ అనేది ప్రింటర్ చెప్పే మాట కాదు, మీ కంప్యూటర్ చెప్పే మాట. "నాకు తెలిసిన అడ్రసుకి వెళ్లి తలుపు కొట్టాను, ఎవరూ పలకలేదు" అని దాని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. కరెంటు వచ్చాక ప్రింటర్ గబుక్కున లేస్తుంది, రూటర్ లేవడానికి టైం పడుతుంది. రూటర్ అడ్రసు ఇవ్వకపోయేసరికి ప్రింటర్ తనకు తానే ఒకటి పెట్టుకుంటుంది, లేదా రూటర్ ఈసారి వేరే అడ్రసు ఇస్తుంది. కంప్యూటర్ మాత్రం పాత అడ్రసుకే వెళ్తూ ఉంటుంది.

ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ సెట్టింగ్ పేజీ ప్రింట్ తీయండి, చాలావాటిలో ఆ వీలుంటుంది. అందులో ఐపీ అడ్రసు 169.254 తో మొదలైతే రూటర్ దానికి అడ్రసే ఇవ్వలేదన్నమాట, ప్రింటర్‌ను ఒకసారి ఆపి ఆన్ చేస్తే సరి. 192.168 లాంటిదే ఉండి, కంప్యూటర్‌లో ప్రింటర్ పోర్టులో, అంటే అది ప్రింటర్ అడ్రసు రాసుకునే చోట, ఉన్నదానితో కలవకపోతే, అడ్రసు మారిందన్నమాట. రూటర్ సెట్టింగ్‌లో ఈ ప్రింటర్‌కి ఎప్పుడూ ఇదే అడ్రసు అని రిజర్వ్ చేసి, కంప్యూటర్‌లో ఆ అడ్రసుతోనే టీసీపీ ఐపీ పోర్టు కింద ప్రింటర్‌ను కలపండి. ఆ పోర్టు సెట్టింగ్‌లోనే ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అని ఒక టిక్కు ఉంటుంది, ఎలా ఉన్నావని విండోస్ ప్రింటర్‌ను అడిగే ప్రశ్న అది, ఆ టిక్కు తీసేయండి. ప్రింటర్ చక్కగా పనిచేస్తున్నా ఆ ప్రశ్నకు జవాబు రాలేదని విండోస్ ఆఫ్‌లైన్ అనేస్తుంది ఒక్కోసారి. ఇంకొకటి, ఇంటి ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలోనే పట్టుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు వాటిలో అసలు కనిపించదు.

సిగ్నల్ లేని సిద్దిపేట
పేజీ తీశాను అన్నా, 169.254 తోనే ఉంది! ఆపి ఆన్ చేస్తే 192.168 వచ్చింది. రిజర్వ్ చేయడం మా తమ్ముడు వచ్చాక చూస్తా. మా ఇంట్ల పాత డెస్క్‌టాప్‌కి యూఎస్‌బీతో ఇంకో ప్రింటర్ ఉంది, దాన్ని లాప్‌టాప్‌కి షేర్ చేసుకునేవాళ్లం, అది కూడా ఎప్పటినుంచో చివర 11బీ అనే ఎర్రర్ ఇస్తది. అది ప్రింటర్ సంగతేనా?

అర్ధరాత్రి సర్వర్ రూమ్ (బెంగళూరు)
కాదు, అందులో ప్రింటర్‌కు పాపం ఏ పాత్రా లేదు. 2021 సెప్టెంబరులో వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్‌తో షేర్ చేసిన ప్రింటర్ల విషయంలో రెండు కంప్యూటర్ల మధ్య మాటలు గట్టిగా తాళం వేసి ఉండాలనే రూల్ పెట్టారు. ఒకటి అప్‌డేట్ అయి ఇంకోటి కాకపోతే ఈ 11బీ వస్తుంది. రెండింటినీ అప్‌డేట్ చేయండి ముందు. రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగ్‌ల చిట్టాలో, ఆ రూల్‌ను ఆపేయమని వీడియోలు చెప్తాయి, పనిచేస్తుంది కూడా, కానీ వేసిన తాళం మళ్లీ తీసినట్టే కాబట్టి నేను చెప్పను.

పచ్చడి జాడీ (గుంటూరు)
నాకూ ఒక డౌట్ ఉందండి. ట్యాంకు కాదు మాది, నలుపు ఒకటి రంగులది ఒకటి రెండు కార్ట్రిడ్జ్‌ల చిన్న ప్రింటర్. కార్ట్రిడ్జ్ సమస్య అంటుంది, ఏ కార్ట్రిడ్జో చెప్పదు, లైట్లు రెండూ మిణుకు మిణుకు. రెండూ మార్చాలంటే ఆ ధర ప్రింటర్ ధరకి దగ్గరగా ఉంది. నల్లది ఈమధ్యే బయట రీఫిల్ చేయించాం.

జిరాక్స్ షాపాయన (ఖమ్మం)
రెండూ కొనకండి మేడమ్. ఈ రకంలో హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉంటుంది, దాని వెనక రాగి చుక్కలుంటాయి, అవే కరెంటు కాంటాక్టులు. ముందు ఆ చుక్కలనూ, ప్రింటర్ లోపల వాటికి తగిలే పిన్నులనూ నూలు పోగులు రాలని గుడ్డతో, కాస్త నీటి తడితో తుడవండి, ఆరనివ్వండి. రీఫిల్ చేసినప్పుడు ఇంకు కారి అక్కడ పట్టి ఉండొచ్చు. అయినా పోకపోతే ఒకటి తీసేసి మూత వేయండి. హెచ్‌పీ చిన్న ప్రింటర్లు చాలావాటిలో ఒక్క కార్ట్రిడ్జ్‌తో కూడా నడిచే వీలుంది. నల్లది తీస్తే సమస్య మెసేజ్ పోతే దోషం నల్లదాంట్లో ఉంది, రంగులది తీస్తే పోతే రంగులదాంట్లో. రెండూ విడివిడిగా పెట్టినా అదే గోల అయితే పిన్నుల వైపు చూడాలి.

బెజవాడ బెంజ్ సర్కిల్
బయటి ఇంకు వాడితే కంపెనీలు కావాలనే ఇలాంటి మెసేజ్‌లు వేస్తాయి అంటారు కదా.

అర్ధరాత్రి సర్వర్ రూమ్ (బెంగళూరు)
రెండూ ఉన్నాయి. 2016 సెప్టెంబరు 13న హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు కొన్ని ఒక్కసారిగా బయటి చిప్పులున్న కార్ట్రిడ్జ్‌లను ఒప్పుకోవడం మానేశాయి. ముందే ఫర్మ్‌వేర్‌లో, అంటే ప్రింటర్ లోపలుండే సాఫ్ట్‌వేర్‌లో, పెట్టి ఉంచిన రూల్ ఆ రోజు మేల్కొంది. జనం గొడవ చేశాక దాన్ని తీసేసే ఫర్మ్‌వేర్ కూడా విడుదల చేశారు. అలాంటి చోట కార్ట్రిడ్జ్ "పాడైంది" అన్న మాటకు "మాది కాదు" అని అర్థం. కానీ ప్రతి మెసేజ్ కుట్ర అనుకోవద్దు. పచ్చడి జాడీ గారి ప్రింటర్‌లాంటి వాటికి స్క్రీనే లేదు, రెండు మూడు లైట్లతో పది రకాల జబ్బులు చెప్పాలి. ఎన్నిసార్లు వెలిగి ఆరుతుందో లెక్కపెట్టి మాన్యువల్‌లో చూస్తే కొంచెం వివరంగా ఉంటుంది, ఎవరూ చూడరు అంతే. నా కోపం స్క్రీన్ ఉండి కూడా "ఏదో పొరపాటు జరిగింది" అని రాసేవాళ్ల మీద. లోపల కోడ్ స్పష్టంగా తెలుసు, సర్వీస్ వాళ్లకు చూపిస్తారు, డబ్బు పెట్టి కొన్న మనిషికి చూపించరు.

పాత స్క్రూడ్రైవర్
కోడ్ చూపించినా అన్నిసార్లూ ఒరిగేదేమీ లేదు తమ్ముడూ. కానన్‌లో బీ200 ఉంది, హెడ్ వోల్టేజీ లేదా వేడి హద్దు దాటింది అని. దానికి హెడ్ కాలిపోయి ఉండొచ్చు, బోర్డు పోయి ఉండొచ్చు, కాంటాక్టుల మీద ఇంకు పడి ఉండొచ్చు. కోడ్ ఒకటే. ఏం చేస్తున్నప్పుడు వచ్చింది, అంతకు ముందు రోజు ఏం మార్చారు, చప్పుడు ఎలా ఉంది, ఈ మూడూ అడగకుండా బోర్డు మార్చేవాడు డబ్బుల మనిషి.

సుద్దముక్క (రాజమండ్రి)
రాత్రి బటన్‌తో ఆపి వదిలేశానండీ, అత్తగారికీ చెప్పాను. పొద్దున నాజిల్ చెక్ తీస్తే నల్లది నిండుగా వచ్చింది, నీలంలో మాత్రం ఇంకా మధ్యలో రెండు గీతలు తెగిపోయి ఉన్నాయి. ఒక్క క్లీనింగ్ పెట్టనా?

పాత స్క్రూడ్రైవర్
ఒక్కటి పెట్టి, వెంటనే నీలం నిండుగా ఉన్న పేజీ ఏదైనా ఒకటి రెండు తీయండి. క్లీనింగ్‌లో పోయే ఇంకు ప్యాడ్‌కి పోతుంది, ప్రింట్‌లో పోయేది కాగితానికి పోతుంది, నాజిల్‌కి మాత్రం రెండూ ఒకటే. ఇక ముందు వారానికి ఒక రంగుల పేజీ తీస్తూ ఉండండి, వర్క్‌షీట్లు నల్లవే అయినా సరే.

పచ్చడి జాడీ (గుంటూరు)
షాపాయన గారూ, నల్లది తీసి మూత వేయగానే సమస్య అన్న మెసేజ్ పోయింది, నల్ల కార్ట్రిడ్జ్ లేదు అని మాత్రం అంటోంది, రంగులదాంతో ప్రింట్ వస్తోంది. అంటే నల్లది ఒక్కటి కొంటే చాలన్నమాట. మా మరిది రెండూ ఆర్డర్ పెట్టేశాడు, ఇప్పుడే ఒకటి క్యాన్సిల్ చేయించాను.

జిరాక్స్ షాపాయన (ఖమ్మం)
చాలు. కొత్తది వచ్చాక నాజిల్ మీదున్న రంగు టేపు మాత్రమే లాగండి, తోక లాంటిది ఉంటుంది పట్టుకోవడానికి. రాగి చుక్కలున్న పల్చని పట్టీ కూడా టేపే అనుకుని పీకేసేవాళ్లు నెలకొకరు వస్తారు నా దగ్గరికి, అది పీకితే కొత్త కార్ట్రిడ్జ్‌కి కూడా ఇదే మెసేజ్.